ఒక ప్రత్యుత్తరము – ఒక శాసనము

2005వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున న్యూయార్కు నగరములో జరిగిన యొక చిన్న సంభాషణము నేటికిని మనవారి చేతిఫోనులలో తిరుగుచునే యున్నది. ఆరునెలల కొకమారైనను ఎవరో యొకరు దానిని మాకు పంపి, దొరకు మన పిల్ల యెట్లు బుద్ధి చెప్పినదో చూడుడని మురియుచుందురు. మురియుటకు కారణము లేకపోలేదు. ఇరువది యేండ్లు గడచినను ఆ మురిపెము తీరకుండుటయే మాకు వింతగా నున్నది.

వృత్తాంత మెఱుగనివారి కొఱకు చెప్పుచున్నాము. డేవిడ్ లెటర్‌మన్ అను హాస్యచతురుడు బ్రాడ్‌వే వీథిలోని యెడ్ సల్లివన్ నాటకశాలనుండి లేట్ షో యను వినోదగోష్ఠిని 2015వ సంవత్సరమువఱకు నడపెను. సాయంకాలము పట్టిన దృశ్యమునే రాత్రి పదకొండున్నర దాటిన పిదప అమెరికావారు టెలివిజనులో చూచుచుండెడివారు. 1994లో ప్రపంచసుందరిగా నెన్నికైన ఐశ్వర్యారాయి, గురిందర్ చద్దా తీసిన 'బ్రైడ్ అండ్ ప్రెజుడిస్' చిత్రము అమెరికాలో విడుదలైన సందర్భమున ఆ గోష్ఠికి అతిథిగా పోయెను. ఆమెకు అప్పటికి 31 ఏండ్లు. మీరు తల్లిదండ్రులతోనే యున్నారా యని అతడడిగెను. ఔనని యామె చెప్పగా, ఎదిగిన పిల్లలు అట్లుండుట మీ దేశమున పరిపాటియా యని రెట్టించెను. తల్లిదండ్రులతో కలిసి భోజనము చేయుటకు అపాయింటుమెంటు పుచ్చుకొనవలసిన పని లేకుండుటయు మా దేశమున పరిపాటియే యని యామె చెప్పెను. నాటకశాల చప్పట్లతో మారుమ్రోగెను.

ఆ జవాబును మేమును మెచ్చుకొందుము. అందులో కోపము లేదు, సంజాయిషీ లేదు. విదేశీయుడు మన యాచారమును గూర్చి ప్రశ్నించినంతనే తల వంచుకొని క్షమాపణ చెప్పువా డొకడు, వేదకాలమునుండి యుపన్యాసము మొదలిడువా డొకడు – ఈ యిరువురే మనలో మెండు. ఆమె రెండును చేయక, అడిగినవాని భోజనపుబల్లనే అతనికి చూపినది.

ఆ ప్రశ్నలోని చులకన మాకు కనబడకపోలేదు. ఎదిగిన బిడ్డ యింటిపట్టున నుండుట చేతకానితనమను భావము దాని వెనుక నున్నది. కాలము ఆ భావమును చక్కగనే పరీక్షించినది. కరోనా తాకిడిలో, 2020 జూలై నాటికి, 18 మొదలు 29 ఏండ్లవఱకు గల అమెరికనులలో నూటికి 52 మంది కన్నవారి యింటనే యుండిరని ప్యూ పరిశోధనాసంస్థ లెక్కగట్టెను. వారిని జూచి నవ్వుట మాకు తగదు.

కాని, ఆ జవాబును సభలలో వల్లించు మన వక్తల నొక్కమాట యడుగుచున్నాము. చప్పట్లు కొట్టిన చేతులతో మీ యింటి తలుపు తీసి లోపల చూచితిరా?

ఆ మాట వెలువడిన రెండేండ్లకే, 2007లో, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమములకై మన పార్లమెంటు ఒక చట్టము చేసెను. మనోవర్తి యడుగు హక్కు తల్లిదండ్రులకు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షనులో అప్పటికే యుండెను. అది చాలక వేరుగా ట్రిబ్యునళ్లు పెట్టవలసివచ్చెను. నెలకు 10,000 రూపాయలకు మించకుండ పిల్లలచేత ఇప్పింపవచ్చునట. వృద్ధులను విడిచిపెట్టి పోయినవానికి 3 నెలల ఖైదో, 5,000 రూపాయల జరిమానాయో, రెండునో యట. ఏ దేశమున భోజనమునకు అపాయింటుమెంటు అక్కఱలేదంటిమో ఆ దేశముననే భోజనమునకు అర్జీ పెట్టుకొనవలసివచ్చినది! న్యాయవాదులము గనుక చెడుగునే చూచుచున్నామందురేమో. నిజమే, సుఖముగా భోంచేయు కుటుంబములు మా గుమ్మ మెక్కవు.

మఱియొకటి. ఆ జవాబు చెప్పునాటికి ఆమె అవివాహిత, కన్నవారి యింట నున్న కూతురు. పెండ్లియైన కూతురు తన తల్లితో ఒక పూట తినుటకు ఎందఱి యనుమతి కావలెనో తెలుగుదేశమున నెఱుగనివా రెవరు? అత్తగారు సరే యనవలె, మగడు వీలు చూచుకొనవలె, పుట్టింటివారు వచ్చి పిలువవలె. అపాయింటుమెంటను మాట క్రొత్తది గాని ఆ వస్తువు మన యింట తరతరములనుండి యున్నది. కొడుకును కన్నవారికి మాత్రమే పీట వేసి, దానినే దేశసంస్కృతి యనుట యేమి న్యాయము? ఈ విషయమున ఆ చట్టమే మనకంటె మేలు. పిల్లలనగా కొడుకును, కూతురును, మనుమడును, మనుమరాలును అని వ్రాసినది.

అమెరికాలో నున్న మన తెలుగుబిడ్డల మాటయు నొకింత చెప్పవలెను. శీతకాలమున బెజవాడలో తల్లి రాత్రి ఎనిమిదిన్నరకు కంచము ముందు కూర్చుండునప్పటికి న్యూయార్కున ఉదయము పదిగంటలు. కుమారుడు పనిలో నుండును. ఆదివారము ఏ వేళకు మాటలాడవలెనో ముందుగనే నిర్ణయించుకొందురు. అది దూరము చేయు పని, దానికి వారిని తప్పుపట్టము. అయితే ఆ సంభాషణమును మాకు పంపువారిలో వారే యెక్కువ.

ఆ మధ్య ఒక వృద్ధురాలు మాయొద్దకు వచ్చెను. ఉన్న యొక్క యిల్లును కొడుకు పేర దానపత్రము వ్రాసి యిచ్చినది. ఆరునెలలకు పొయ్యి వేరైనది, ఏడాదికి గడప దాటించిరి. పోషింపవలెనను షరతుతో నిచ్చిన యాస్తిని, పోషింపనిచో, రద్దు చేయించుటకు ఆ చట్టములో 23వ సెక్షను గలదు. పత్రము తిరుగవేసి చూచితిమి. షరతు లేదు. ఏలమ్మా వ్రాయించుకొనలే దని యడిగితిమి. "కన్నకొడుకు చేత అన్నం పెడతానని కాగితం రాయించుకుంటానా నాయనా" అన్నది.

తుదకు పోషణకై రెవెన్యూ డివిజను అధికారి యెదుట అర్జీ పెట్టించితిమి. వాయిదా తేదీని చీటిమీద వ్రాయించుకొని కొంగున ముడివేసికొనినది. కొడుకును చూచి అప్పటికి పదునాలుగు నెలలైనదట. ఆనాడు కచేరీ తలుపులు తీయకమునుపే వచ్చి మెట్లమీద కూర్చున్నది. చేతిసంచిలో నాలుగు సున్నుండలు. సాయంకాలము అయిదుగంటలవఱకు వాడు రాలేదు. వాయిదా మరల వేసిరి.