మూడు ముప్పై ఐదు ఎలా అయింది?

పసిబిడ్డను చూసుకోవడానికి తండ్రికి జీతంతో సెలవివ్వాలన్న మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒకటే: మన మగవాళ్లు ఆ సెలవు పెట్టి ఊళ్లు తిరుగుతారు తప్ప బిడ్డను ఎత్తుకోరని. 2016లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిగా ఉన్న మేనకా గాంధీ వాదన కూడా ఇంచుమించు ఇదే. మరుసటి ఏడాది చట్టం తల్లి సెలవును 26 వారాలకు పెంచింది. తండ్రికి ఒక్క రోజూ ఇవ్వలేదు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ అంతే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులుంటాయి. ప్రైవేటు ఉద్యోగికి యజమాని దయ. దీనంతటికీ ఆధారమైన ఆ జవాబు తప్పు. తప్పని తేలి ముప్పై ఏళ్లు దాటింది.

నార్వేలో తల్లిదండ్రులిద్దరూ పంచుకోగల సెలవు 1993కు ముందే ఉంది. దాన్ని వాడుకున్న తండ్రులు నూటికి ముగ్గురు. 1993లో నాలుగు వారాలు తండ్రికే అని కేటాయించారు. అతను వాడుకోకపోతే అవి మురిగిపోతాయి, తల్లికి బదిలీ కావు. వెంటనే ఆ ముగ్గురు ముప్పై ఐదుగురయ్యారు. 2006 నాటికి డెబ్బై మంది. అంత తక్కువ కాలంలో ఏ దేశంలోనైనా మగవాళ్ల స్వభావం మారుతుందా? అక్కడ మారింది చట్టంలో ఒక్క నిబంధన.

ఈ మార్పును పరిశీలించి డాల్, లోకెన్, మోగ్‌స్టాడ్ అనే ఆర్థికవేత్తలు 2014లో ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. సోదరుడు ఈ సెలవు పెట్టి ఉంటే తానూ పెట్టే అవకాశం 15 శాతం పాయింట్లు, సహోద్యోగి పెట్టి ఉంటే 11 పాయింట్లు పెరిగింది. అంటే తండ్రులను ఆపుతున్నది బిడ్డపై ప్రేమ లేకపోవడం కాదు. 'నువ్వేమైనా కన్నావా?' అని అడిగే పై అధికారి అంటే భయం. ముందు ఒకడు సెలవు పెట్టి ఉద్యోగం నిలబెట్టుకుంటే పక్కవాడికి ధైర్యం వస్తుంది. జపాన్ చట్టం తండ్రికి ఏడాది దాకా సెలవిచ్చినా 2019లో వాడుకున్నది నూటికి ఎనిమిది మంది లోపే. బిడ్డ పుట్టబోతున్నట్టు చెప్పిన ప్రతి ఉద్యోగినీ సెలవు కావాలా అని యజమానే అడిగి తీరాలని 2022లో నిబంధన పెట్టాక, 2023కల్లా ముప్పై దాటింది.

మన దగ్గర తొలి పురుడు పుట్టింట్లో జరుగుతుంది, బాలింత అక్కడే నెలల తరబడి ఉంటుంది, తండ్రికి సెలవెందుకు అంటారు. ఆ సెలవును ఆమె అత్తింటికి వచ్చాక, సాయానికి అమ్మ లేని రోజుల్లో వాడుకోనివ్వండి. రోజు కూలీకి ఈ చట్టం అందదన్నది నిజమే. అతనికి వేరే ఏర్పాటు కావాలి. ఆ పేరు చెప్పి ఉద్యోగులకూ ఎగ్గొట్టడం అన్యాయం.

ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్‌ఐ పరిధిలో లేని తల్లుల 26 వారాల జీతభారం యజమాని నెత్తిన వేసి, సెలవు ఆడవాళ్లకే పరిమితం చేస్తే ఏమవుతుంది? పెళ్లయిన అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనకాడతారు. తండ్రికి సెలవివ్వని చట్టం శిక్ష వేస్తున్నది తల్లికే. నార్వేలో ఆ సొమ్ము ప్రజా బీమా నిధి నుంచి వస్తుంది. ఇక్కడ ఈఎస్‌ఐ ఉండనే ఉంది.

నాలుగు వారాలు, తండ్రికే, వాడకపోతే మురిగిపోయేలా చట్టంలో రాయండి. రాయలేమనే ప్రతి ఎంపీనీ పాఠకులు ఒక్కటే అడగాలి: నార్వేలో మూడు ముప్పై ఐదు ఎలా అయింది?