ఎస్టీ కమిషన్‌లో ఎవరుండాలి?
ద్రాక్షారామంలో పనిచేసే గిరిజన టీచర్‌కి రోస్టర్ ప్రకారం రావాల్సిన ప్రమోషన్ ఆగిపోతే ఎక్కడికెళ్లాలి? కోర్టు ఖర్చు అందరూ పెట్టుకోలేరు. అలాంటివాళ్ల కోసమే రాజ్యాంగం 338-ఏ అధికరణం కింద జాతీయ ఎస్టీ కమిషన్ ఉంది. విచారణలో దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. అధికారిని పిలిపించొచ్చు, ఫైళ్లు తెప్పించొచ్చు. కానీ చివరికి ఇచ్చేది సిఫార్సే. అది నిలబడాలంటే రాసేవాళ్లకి సర్వీసు రూల్స్ తెలియాలి.

ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక మిగిలిన ప్రతి రోస్టర్ పాయింటునీ కాపాడుకోవాల్సిందే.

కమిషన్ సభ్యుల్ని రాష్ట్రపతి నియమిస్తారు. పార్టీలో మనోడా అని కాదు, ఉద్యోగుల తరఫున ఫైలు పట్టుకుని అధికారిని నిలదీసినవాళ్లా అని చూసి బలపరుద్దాం. ఖాళీ వస్తే వెంటనే నింపమని మన ఎంపీలను అడుగుదాం.