ఫోమ్ మ్యాట్‌ను నమ్ముకోకండి



చలికాలంలో ఇంట్లోనే కసరత్తు చేసుకోమంటూ గత సంచికలో మీరు వేసిన వ్యాసం బాగుంది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోలేను. డంబెల్స్ కింద ఫోమ్ మ్యాట్ పరిస్తే ఫ్లోరింగ్‌కు ఢోకా ఉండదని రాశారు. నేను కాల్గరీలో ఫ్లోరింగ్ పని చేసేవాణ్ణి. ఆ మ్యాట్లు ఎత్తి చూడటం నాకు అలవాటైన పనే.

ముక్కకు ముక్క ఇరికించే ఆ ఫోమ్ యోగాకు, పాకే పిల్లలకు బాగా పనికొస్తుంది. ఇరవై కిలోల డంబెల్ చేజారిందంటే దాని ఆరు పలకల అంచు ఫోమ్‌ను పూర్తిగా అణిచేసి కిందికి దిగుతుంది. కాసేపటికి ఫోమ్ మళ్లీ ఉబ్బి ఏమీ ఎరగనట్టు నున్నగా ఉంటుంది. కింద వినైల్‌లో మాత్రం గోటితో నొక్కినట్టు ఒక గాటు, పక్కనే పలకల లాక్ విరిగి పైకి లేచిన అంచు. ఇల్లు ఖాళీ చేసే రోజు దాకా ఎవరికీ కనబడదు.

మన ఊళ్లలో నేల తీరు వేరు. శ్రీకాకుళం వైపు సంగిడీ రాళ్లు ఎత్తేది మట్టి మీద. పట్నం ఇళ్లలోనైతే సిమెంటు శ్లాబు, దానిపైన టైల్సో నాపరాళ్లో. ఇక్కడ మేడ మీది గది అంటే చెక్క దూలాలు, వాటిపైన చెక్క పెళ్లలు అతికించి చేసిన ఓఎస్‌బీ షీటు, ఆపైన లామినేటో వినైలో. అది బరువు మోయదని కాదు. కెనడా బిల్డింగ్ కోడ్ ఇళ్లలో గదులకు చదరపు అడుగుకు దాదాపు 40 పౌండ్లు లెక్క కడుతుంది. అయితే అది పరుచుకుని ఉన్న బరువు లెక్క, పై నుంచి పడేసే ఇనుముది కాదు.

బరువులకు తగిన చోటు కాంక్రీటు, అంటే బేస్‌మెంటో గరాజో. అయితే బేస్‌మెంట్ ఖాళీగా ఉండాలి కదా. దాన్ని విడిగా అద్దెకిచ్చే సూట్‌గా మార్చాలంటే ఒకప్పుడు కాల్గరీలో చాలా పేటల్లో ఇంటి యజమాని నగర కౌన్సిల్ ముందుకెళ్లి అడగాల్సి వచ్చేది. 2018లో ఆ తతంగం తీసేశారు. మనవాళ్లలో చాలామంది బేస్‌మెంట్ అద్దెకిచ్చి, బెంచీ, డంబెల్స్ మేడ మీద అదనంగా ఉండే బోనస్ రూమ్‌కు చేర్చారు. కింద నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న కుర్రాడి నెత్తిన ఆ దబదబలు. ఫోమ్ వాటినీ ఆపదు. గరాజ్ అంటారా, జనవరిలో అక్కడ ఇనుప రాడ్ పట్టుకుంటే అరచేయి జివ్వుమంటుంది, నిజమే. చేతి తొడుగులు వేసుకోండి.

పైనే చేయక తప్పదంటే, ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు అడ్డం, నిలువు పరిచి, దానిమీద గుర్రాల కొట్టాల్లో వేసే ముప్పావు అంగుళం రబ్బరు మ్యాట్ వేయండి. మా ఆల్బర్టా రాష్ట్రం గుర్రాల సీమ, రైతు సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. నాలుగడుగులకు ఆరడుగుల ముక్క వంద పౌండ్ల దాకా తూగుతుంది, మెట్లెక్కించడానికి ఇద్దరు కావాలి. వాసన పోయేదాకా కొన్నాళ్లు గరాజ్‌లో ఆరబెట్టండి. దాన్ని నేరుగా వినైల్ మీద మాత్రం వేయొద్దు. రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి దిగి పసుపు మరక చేస్తాయి. అది మురికి కాదు కాబట్టి ఎంత తోమినా పోదు. ప్లైవుడ్ అడ్డు ఉంటే ఆ బాధ లేదు, దెబ్బ కూడా ఒక్కచోట పడకుండా చెదురుతుంది. ఇంత చేసినా పైన బరువులు కిందికి వదలకూడదు, దించాలి.

అద్దెకుంటున్నవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆల్బర్టాలో డిపాజిట్ ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు. మామూలు అరుగుదలకు అందులోంచి కోత పెట్టకూడదు కూడా. డంబెల్ గాటును ఏ యజమానీ మామూలు అరుగుదల అనుకోడు. ఫ్లోరింగ్‌లో ఒక్క పలక మార్చాలన్నా సాధారణంగా గోడ దగ్గర్నుంచి విప్పుకుంటూ రావాలి, పైగా అదే రంగు, అదే నమూనా మళ్లీ దొరకాలి. వచ్చే సంచికలో ఆ ఒక్క వాక్యాన్ని సవరించి వేయగలరు.

— ఓ పాఠకుడు, కాల్గరీ