క్లోన్ చేశాం సరే... మిగతా బ్రాంచ్‌లు ఏవి?

మాది ద్వారకా తిరుమల. భీమడోలు మీదుగా బస్సులో ఏలూరు వెళ్లి ఇంజినీరింగ్ చదివా. ఫైనలియర్ ప్రాజెక్టు నలుగురం చేశాం. కోడ్ అంతా పెన్‌డ్రైవ్‌లోనే తిరిగేది. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్'... ఇవీ మా ఫోల్డర్లు! రెజ్యూమెలో మాత్రం 'గిట్ వచ్చు' అని రాసుకున్నా.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఆ ముక్క నన్ను పట్టించింది. రిపోజిటరీ క్లోన్ చేసుకుని, 'డెవలప్' బ్రాంచ్‌లో పని చేయమన్నారు. 'గిట్ బ్రాంచ్' కొడితే 'మెయిన్' ఒక్కటే కనిపించింది. మిగతావి రాలేదేమో అనుకుని, డెవలప్ అనే పేరుతో నేనే కొత్త బ్రాంచ్ తీశా. అది మెయిన్ నుంచి పుట్టింది. రెండు రోజులు కష్టపడి పుష్ చేస్తే రిజెక్ట్ అయింది. 'ఫోర్స్ పుష్' కొట్టబోతుంటే పక్క సీట్లో అన్న ఆపాడు. కొట్టుంటే సర్వర్‌లోని డెవలప్ నుంచి టీమ్ పనంతా ఎగిరిపోయేది.

నిజానికి ఆ బ్రాంచ్ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. క్లోన్ అంటే జిప్ ఫైల్ డౌన్‌లోడ్ కాదు. మామూలుగా చేసే క్లోన్‌లో అన్ని బ్రాంచ్‌ల చరిత్రా వచ్చేస్తుంది. అయితే మనం పని చేసుకోవడానికి లోకల్ బ్రాంచ్ ఒక్కదాన్నే గిట్ తయారుచేస్తుంది. మిగతావి 'ఆరిజిన్/డెవలప్' లాంటి పేర్లతో ఉంటాయి. 'గిట్ బ్రాంచ్ -ఏ' కొడితే అన్నీ కనిపిస్తాయి. ద్వారకా తిరుమలను మనం చిన తిరుపతి అన్నట్టే, ఆరిజిన్ అన్నది సర్వర్ చిరునామాకు పెట్టుకున్న ముద్దుపేరు, అంతే.

ఇంకో మాట. ఆరిజిన్/డెవలప్ అంటే సర్వర్ కాదు, సర్వర్‌ను మనం చివరిసారి చూసినప్పటి ఫొటో. 'ఫెచ్' చేస్తే ఆ ఫొటో మారుతుంది, మన లోకల్ బ్రాంచ్ మారదు. 'పుల్' చేస్తే ఆ మార్పులు మన బ్రాంచ్‌లోకీ వస్తాయి. ఇక నేను చేయాల్సిందల్లా 'గిట్ స్విచ్ డెవలప్' అని కొట్టడమే. ఆరిజిన్/డెవలప్ నుంచి లోకల్ బ్రాంచ్ తయారై, దానికే జతపడుతుంది. 2019లో వచ్చిన కమాండ్ ఇది. పాత వెర్షన్లలో 'గిట్ చెకౌట్ డెవలప్' కూడా ఇదే పని చేస్తుంది.

'ఎడిటర్‌లో బటన్ ఉంది, ఏఐని అడిగితే కమాండ్ చెబుతుంది, ఇదంతా ఎందుకు?' అంటారు జూనియర్లు. నిజమే, బటన్ నొక్కొచ్చు. కానీ పుష్ రిజెక్ట్ అయిన రోజు, తోటివాళ్ల పని పోకుండా ఏది నొక్కాలో తెలియాలిగా! ఇంటర్వ్యూలో 'ఫెచ్‌కీ పుల్‌కీ తేడా ఏంటి?' అని అడిగితే, బట్టీ పట్టినవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

2005లో లినస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టింది లినక్స్ కెర్నెల్ కోసం. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఒకే కోడ్ మీద పని చేసుకోవడానికి పుట్టిన పరికరాన్ని ఒంటరిగా నేర్చుకుంటే సగమే వస్తుంది. కాలేజీలు ప్రాజెక్టు మార్కులు వేసేటప్పుడు రికార్డు బుక్కుతో పాటు ఎవరి బ్రాంచ్‌లో ఎవరు ఏం చేశారో కూడా చూస్తే బాగుంటుంది.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. మీ రిపోజిటరీనే రెండు ఫోల్డర్లలోకి క్లోన్ చేయండి. ఒకటి మీరు, రెండోది మీ ఫ్రెండ్ అనుకోండి. ఇద్దరూ ఒకే బ్రాంచ్‌లో మార్పులు చేసి పుష్ చేయండి. రెండో పుష్ రిజెక్ట్ అవుతుంది. ఫెచ్ చేసి, మెర్జ్ చేసి, మళ్లీ పంపండి. ఆ దెబ్బ ఆఫీసులో కాకుండా హాస్టల్ గదిలోనే తినేస్తే, రెజ్యూమెలో 'గిట్ వచ్చు' అని ధీమాగా రాసుకోవచ్చు.