పదిహేడో ప్రతిజ్ఞ ఎక్కడికి పోయింది?

పుదుచ్చేరిలో మద్యం ఎక్కడ దొరుకుతుందని ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. పొరుగున తమిళనాడులో సారా దుకాణాలు మూతపడి ఎన్నో ఏళ్లయినా, ఇక్కడ సారాయి, కల్లు దుకాణాలకు ప్రభుత్వమే వేలం వేస్తుంది. శని, ఆదివారాలు వస్తే చెన్నై, బెంగళూరు బండ్లతో సముద్రపు ఒడ్డు నిండిపోతుంది. వాళ్ల సంగతి వాళ్లది. మేము అడుగుతున్నది మనవాళ్లని. ఏప్రిల్ 14న నీలి జెండా పట్టుకుని ఊరేగింపులో తూలుతూ నడిచేవాడిని ఏమనాలి? బాబాసాహెబ్ బొమ్మకు దండ వేసే చేతికి సారా వాసన ఎందుకు?

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మన చేత చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో పదిహేడోది మద్యం ముట్టనన్నది. దేవుళ్లను పూజించనన్న ప్రతిజ్ఞలను మనవాళ్లు గట్టిగా పట్టుకున్నారు, సంతోషం. పదిహేడోది వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

కాస్త చదువుకున్నవాళ్లు ఇంకో మాట తెస్తారు: షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళికలో బాబాసాహెబ్ మద్యనిషేధాన్ని వ్యతిరేకించలేదా అని. నిజమే, వ్యతిరేకించారు. అది ఖజానా లెక్క. ప్రభుత్వం రాబడి వదులుకుని పేదల చదువుకు డబ్బు ఎక్కడ తెస్తుందన్న ప్రశ్న. తాగమని ఆయన ఎక్కడా చెప్పలేదు. చట్టం మాన్పించడం వేరు, మనిషి తనంతట తాను మానుకోవడం వేరు. మొదటిదాని మీద ఆయనకు అనుమానం ఉంది, రెండోదాన్ని మనతో ప్రతిజ్ఞగా చెప్పించారు. న్యాయశాస్త్రం చదివినవాళ్లుగా మరొకటి కూడా చెబుతాం: మద్యనిషేధానికి ప్రయత్నించమని రాజ్యాంగం 47వ అధికరణ రాజ్యాన్ని ఆదేశిస్తుంది. మద్యం వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వాలు ఆ అధికరణను పక్కన పెట్టి వేలంపాట పాడుకుంటున్నాయి.

ఇక అసలు సాకు: "ఒళ్లు నొప్పులండీ, ఆ పనికి తాగకపోతే దిగలేం." మన తెలుగులో దీనికి పెట్టిన పేరు చూడండి, మందు! రోగానికిచ్చేదీ మందే, రోగం తెచ్చేదీ మందే. మురుగు గుంటలోకి దిగేవాడు తాగి దిగుతాడు, ఆ కంపు భరించలేక. 2013 చట్టం మనుషుల చేత పాకీపని చేయించడాన్నే నిషేధించింది. ఆ గుంటలోకి మనిషిని దింపకూడదని కొట్లాడవలసిన చోట, దిగేవాడి చేతిలో సీసా పెడుతున్నారు. కంపు తెలియకపోతే కోపమూ రాదు. కులానికి ఇంతకన్నా చవకైన కాపలాదారు ఎవడున్నాడు?

ఒంట్లో అది చేసే పని కూడా చెప్పుకుందాం. సారాను కాలేయం మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుస్తుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే కాలేయానికి కొవ్వు పట్టి, వాచి, చివరికి గట్టిపడిపోతుంది. మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వరుసలో 1988లోనే చేర్చారు. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, రొమ్ము, పెద్దపేగు, అన్నిటికీ ముప్పే. ఏ కొంచెమూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. నిద్ర పడుతుందని తాగేవాడికి పడుతుంది కూడా, కానీ అర్ధరాత్రి దాటాక ఆ నిద్రే చెదిరిపోతుంది. కల్తీ సంగతి వేరే చెప్పాలా? 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా అరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. చచ్చిందెవరు? కూలినాలి జనమే.

ఆత్మ చెడుతుందని కొందరు బోధకులు అంటారు. మనం ఆత్మను ఒప్పుకోం. చెడేది చిత్తం. సాగత భిక్షువు కథ వినయ పిటకంలో ఉంది. భయంకరమైన నాగాన్ని లొంగదీసినవాడు ఆయన. కౌశాంబి జనం ప్రేమతో ఇంటింటా సారా పోస్తే, ఊరి వాకిట్లో పడిపోయాడు. భిక్షువులు మోసుకొచ్చి బుద్ధుడి వైపు తలపెట్టి పడుకోబెడితే, దొర్లి కాళ్లు ఆయన వైపు చాపాడు. ఇప్పుడీయన నీటిపామునైనా లొంగదీయగలడా అని తథాగతుడు అడిగాడు. భిక్షువులకు మద్యం కూడదన్న నియమం అప్పుడే పుట్టింది. సాగతుడు దుర్మార్గుడు కాదని గమనించండి. అభిమానంతో పోసినవాళ్లే ఆయన్ని అలా పడేశారు. జయంతి రోజున మన కుర్రాళ్లకు పోసేదీ అభిమానంతోనే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూనే సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ నిషేధం రోజుల్లో గోదావరి ఒడ్డున మన పుదుచ్చేరి ముక్క యానాం దుకాణాలు కిటకిటలాడాయి. అందుకే చట్టం ఒక్కదాన్నే నమ్ముకోలేం.

మా కోరిక చిన్నది. వచ్చే జయంతికి కమిటీలు చందా పుస్తకం తెరిచే ముందే తాగినవాడు ఊరేగింపులో ఉండడని పలకలో రాసి కట్టాలి. మద్యం కాంట్రాక్టర్ చందా తీసుకోకూడదు. బాగా అలవాటుపడ్డవాళ్లని తిట్టి తరమొద్దు. ఉన్నట్టుండి మానేస్తే వాళ్లకి వణుకు, ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు, ప్రాణాలే పోవచ్చు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు. మానినవాడిని మర్నాడు విహారంలో మన పక్కనే కూర్చోబెట్టుకోవాలి.