బొంగు చికెన్ కూడా మంచూరియా అయిపోకముందే

ఆగస్టు 9కి విశాఖలో మన ఫుడ్ స్టాల్ పెట్టాలని, అందులో ఏమేం ఉండాలని వారం రోజులుగా గ్రూపులో చర్చ నడుస్తోంది. బొంగు చికెన్ ఉండాల్సిందేనని ఎక్కువమంది అన్నారు. స్టాల్‌కి నేను అడ్డం కాదు. కానీ ఏడాదికి ఒక్కరోజు స్టాల్‌తో మన తిండి నిలబడదు. ఎందుకంటున్నానో చెప్పాలంటే కలకత్తా దాకా వెళ్ళాలి, కాస్త ఓపిక పట్టండి.

చదువుకోసం అక్కడ రెండేళ్ళున్నాను. లాల్‌బజార్ దగ్గర టిరెట్టా బజార్ అని పాత చైనా పేట ఉంది. ఆదివారం తెల్లారేసరికి అక్కడ రోడ్డు పక్కన ఆవిరి గిన్నెలు పొగలు కక్కుతుంటాయి. బోర్డు లేదు, కుర్చీ లేదు, మెనూ కార్డు లేదు. అక్కడ దొరికేది డిమ్ సమ్. సులువుగా చెప్పాలంటే చైనా దక్షిణాన కాంటన్ వాళ్ళు పొద్దున్నే టీతో తినే చిన్న చిన్న ఆవిరి కుడుములు. వాళ్ళ దేశంలో వెదురు బుట్టల్లో ఉడికిస్తారు, ఇక్కడ అల్యూమినియం గిన్నెల్లో. పైన నోరు తెరిచినట్టుండే పంది మాంసం కుడుము సియు మాయ్. పులిసిన మైదా పిండిలో మాంసం పెట్టి ఉడికించింది బావ్. చేప ఉండల సూప్ ఉంటుంది. ఆకులో చుట్టి ఉడికించిన జిగురు బియ్యం పొట్లం కూడా ఒక్కోసారి దొరికేది. అది చూసినప్పుడల్లా నాకు మన అడ్డాకులు గుర్తొచ్చేవి.

రుచి సంగతి అటుంచండి. నన్ను పట్టుకున్నది అక్కడికొచ్చే మనుషులు. ఒక ముసలాయన, ఆయన భార్య టిఫిన్ క్యారేజీ పట్టుకుని వచ్చేవాళ్ళు. ఏం కావాలని అమ్మే ఆవిడ అడిగేది కాదు. మూత తీసి సర్దేసేది. ఆ రుచి వాళ్ళ నాలుకకు సరిపోవాలి, ఫోటోలు తీసుకునే మాబోటి వాళ్ళకి నచ్చినా నచ్చకపోయినా ఒకటే.

వాళ్ళ కథ కూడా తెలుసుకోవాలి. వారెన్ హేస్టింగ్స్ కాలంలో అచ్చూ అనే చైనా ఆయన కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరు మీదే ఆ ఊరు అచిపుర్ అయింది. తర్వాత వచ్చిన హక్కా వాళ్ళు తోలు పనిలో, కాంటన్ వాళ్ళు వడ్రంగంలో స్థిరపడ్డారు. 1962 యుద్ధం రాగానే ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళని కూడా అనుమానించి, సుమారు 3,000 మందిని రైళ్ళెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో పెట్టారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. తిరిగొచ్చేసరికి కొందరికి ఇల్లు లేదు, షాపు లేదు. 1996లో సుప్రీంకోర్టు తీర్పుతో టాంగ్రా తోలు కార్ఖానాలు ఊరి బయటికి పోవాల్సి వచ్చింది. చాలామంది కెనడా వెళ్ళిపోయారు. ఇన్ని పోయినా ఆదివారం పొద్దుటి కుడుము మిగిలింది.

ఇప్పుడు మంచూరియా సంగతి. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనా ఆయన 1970లలో ముంబయిలో చికెన్ మంచూరియన్ కనిపెట్టాడని చెప్తారు. చైనాలో అలాంటి వంటే లేదు. మనవాళ్ళ నాలుక కోసం అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, సాసు కలిపి చేసింది. ఈరోజు పాడేరు సంతలో కూడా దాని బండి ఉంది. మంచిదే, నేనూ తింటాను. కానీ ఆ బండి వల్ల టాంగ్రాలో ఉన్న ఏ కుటుంబానికి ఏం ఒరిగింది? వాళ్ళ గురించి ఆ బండి దగ్గర ఎవరికైనా ఒక్క ముక్క తెలుసా?

బొంగు చికెన్ అదే దారిలో పోతోంది. పచ్చి వెదురు బొంగులో ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నూనె లేకుండా నిప్పుల మీద కాల్చే వంట మనది. అరకు రోడ్డు మీద ఇంకా మనవాళ్ళు అమ్ముతున్నారు, సంతోషం. సిటీ రెస్టారెంట్లలో మాత్రం పేరొక్కటే మనది. గ్రేవీ వాళ్ళది, గల్లాపెట్టె వాళ్ళది. మనం కూడా స్టాల్ అనగానే టూరిస్టుకి తెలిసిన ఆ ఒక్కటే తలుస్తున్నాం. చోడి అంబలి, సామన్నం, వెదురు కొమ్ముల కూర, అడ్డ పిక్కలు ఎవరి లిస్టులోనూ లేవు. ఎందుకు లేవో మనందరికీ తెలుసు. హాస్టల్లో అంబలి సీసా మూత తీస్తే పక్కవాడు ముక్కు మూసుకుంటాడు. అద్దె గది అడిగితే ముందు తిండి గురించే అడుగుతారు.

టిరెట్టా బజార్ని గొప్ప చేసి చెప్పాలని కాదు. అక్కడ కూడా చైనా వాళ్ళ గిన్నెలు ఏటేటా తగ్గుతున్నాయి, ఇప్పుడు అమ్మేవాళ్ళలో చాలామంది వేరేవాళ్ళు. పిల్లలు టొరంటోలో ఉంటే గిన్నె ఎవరు దింపుతారు? మన పిల్లలు కూడా మద్దిలపాలెం గదుల్లో ఉప్మా, నూడుల్స్ తినే బతుకుతున్నారు కదా.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. స్టాల్‌కి పోగుచేసే డబ్బులో సగం ఒక తోపుడు బండికి పెడదాం. మద్దిలపాలెం వైపు, మన విద్యార్థులు ఎక్కువగా ఉండే చోట. ముందు ఆదివారాలు మాత్రమే, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా. చోడి అంబలి, సామన్నం, ఒక కూర, అంతే. విద్యార్థి జేబుకు అందే ధర. కారం తగ్గించొద్దు, పేరు మార్చొద్దు, 'ట్రైబల్ స్పెషల్' అని బోర్డు అసలొద్దు. వండటానికి ఊరి నుంచి వచ్చి సిటీలో పనిచేసుకుంటున్న మన అక్కలు ఇద్దరికి కూలి కట్టిద్దాం, ఊరికే సేవ చేయమని అడగొద్దు. చోళ్ళు, సామలు సంత రోజున మన రైతుల దగ్గరే కొందాం.

నష్టమొస్తే ఎవరు భరిస్తారని అడిగే అన్నలకు: మొదటి మూడు నెలల గ్యాస్ ఖర్చు నాది. చోళ్ళు పంపగలిగిన వాళ్ళు, ఆదివారం పొద్దున్నే లేవగలిగిన వాళ్ళు కింద పేరు రాయండి.