బదిలీ షిఫ్టుకు మేస్త్రీ దయ వద్దు, జాబితా కావాలి

1921లో పన్నుల భారానికి తలవంచక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వాన ఊరినే విడిచిన చరిత్ర చీరాల, పేరాలలది. ఆ గడ్డ మీద నిలబడి ఒక ప్రశ్న అడుగుతున్నాము. పర్మనెంటు కార్మికుడు సెలవు పెట్టిన రోజున అతని స్థానంలో బదిలీ పనికి ఎవరిని పిలవాలి?

మేస్త్రీకి నచ్చినవానిని అంటే మేము ఒప్పుకోము. ఆ ఇష్టం చుట్టరికం వైపో, కులం వైపో, మామూళ్ల వైపో మొగ్గుతుంది. అండలేని ముస్లిం యువకుడు, దళిత యువకుడు గేటు బయటనే మిగులుతారు. పట్టణాలలో రెగ్యులర్ ఉద్యోగాలలో ఉన్నవారు ముస్లిం కార్మికులలో 27 శాతానికి లోపేనని, ఎస్సీ, ఎస్టీలలో 40 శాతమని 2006లో సచార్ కమిటీ తేల్చింది. 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషను ప్రైవేటు ఫ్యాక్టరీ గేటు దాటదు. కనుక మన పిల్లలకు బదిలీ పనే తొలి మెట్టు.

ఈ రోగమూ పాతదే, మందూ పాతదే. బొంబాయి బట్టల మిల్లులలో జాబర్ల లంచగొండితనాన్ని అరికట్టడానికి 1935లో యజమానుల సంఘమే బదిలీ కార్డుల పద్ధతిని ప్రవేశపెట్టింది. సింగరేణిలో బదిలీ కార్మికుని క్రమబద్ధీకరణకు ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు లెక్కించారు. అంటే వరుస తప్పించి ఒక షిఫ్టు లాక్కోవడం ఒక దినం కూలితో పోయేది కాదు, రేపటి ఉద్యోగాన్నే లాక్కోవడం. ఏళ్ల తరబడి బదిలీలుగానే ఉంచి పర్మనెంటు హక్కులు ఎగవేయడాన్ని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఐదవ షెడ్యూలు అక్రమ విధానాలలో చేర్చింది.

సీనియారిటీ పాటిస్తే ఆలస్యంగా చేరిన మనవారే వెనుకబడతారని కొందరు వాదిస్తున్నారు. నిజమే. అయినా కాగితం మీద 40వ పేరు ఒకనాటికి 39వది అవుతుంది. మేస్త్రీ మనసులోని జాబితాకు ఆ హామీ లేదు.

జుమా కోసం, రంజాన్ కోసం వరుసకు మినహాయింపు కోరేవారూ మనలో ఉన్నారు. శనివారాన్ని పవిత్ర దినంగా పాటించే ఒక క్రైస్తవ విమాన సంస్థ ఉద్యోగి ఇటువంటి కోరికతోనే వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తోటివారి సీనియారిటీ హక్కును భంగపరచి అతనికి వెసులుబాటు ఇవ్వనక్కరలేదని 1977లో తీర్పు వచ్చింది. మేమూ అంటున్నాము: ఇతరుల వంతును తోసివేసి నమాజుకు వీలు చేసుకోవడం న్యాయం కాదు. అయితే జుమా వేళ షిఫ్టుకు రాలేనన్నవాని పేరును జాబితా అడుగుకు నెట్టడం అంతకన్నా అన్యాయం.

యూనియన్లు పర్మనెంటు వారికే పరిమితమైన సంఘాలుగా మిగలరాదు. ప్రతి నెలా ఒకటవ తేదీన బదిలీల సీనియారిటీ జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టించాలి. ఎవరిని ఎప్పుడు పిలిచారో రిజిస్టరులో వ్రాయించాలి. పరస్పర అంగీకారంతో షిఫ్టులు మార్చుకోనివ్వాలి. ప్రార్థన కోసం వదులుకున్న షిఫ్టు వల్ల వరుస పోరాదు. చందా కట్టే ప్రతి ముస్లిం కార్మికుడూ రాబోయే జనరల్ బాడీలో లేచి ఈ నాలుగూ అడగాలి. తన పేరుకోసమే కాదు, తనకు ముందున్న పేరు కోసం కూడా అడగాలి.